ఊరి చెరువులో శక్తి పద్దు: ఆహార సంబంధాలను చూసి, గీసి, లెక్కగట్టడం ఎలా

ఆవరణ వ్యవస్థ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అనే అయిదు పేర్ల వరుస. ఆ వరుస తప్పు కాదు. అయితే అది ఎవరు ఎవరిని తింటారో చెప్పి అక్కడితో ఆగిపోతుంది. తిన్నదానిలో ఎంత ఒంటికి పట్టింది, ఎంత వేడిగా గాలిలో కలిసింది, ఎంత ఎవరి నోటికీ అందకుండా నేలమీద పడి కుళ్లింది అనే మూడు ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. అడవిలో దుప్పులు వందల్లో ఉన్నచోట పులి ఒక్కటే ఎందుకు ఉంటుందో, వర్షాకాలంలో నిండిన చెరువులో కొరమీను ఎందుకు తక్కువగా, పరిగెలు ఎందుకు గంపలకొద్దీ దొరుకుతాయో తెలియాలంటే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతకవలసిందే. ఆ వెతుకులాటను ఎవరైనా తమ ఊరి చెరువు దగ్గర మొదలుపెట్టి సొంతంగా పూర్తి చేసుకునేలా ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

ఉదాహరణలన్నీ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న సిరొంచా ప్రాంతానివి. ప్రాణహిత నది గోదావరిలో కలిసేది ఇక్కడే, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీలో చదువుకునే పిల్లలున్న ఈ ఊళ్లకు ఒక గొప్ప సౌకర్యం ఉంది: చెరువు, వరిమడి, టేకు అడవి, పెద్ద నది, నాలుగూ నడిచి చేరగలిగిన దూరంలో ఉంటాయి. పట్నాల్లో విద్యార్థులు బొమ్మలో చూసేదాన్ని ఇక్కడివాళ్లు గట్టు మీద కూర్చుని చూడవచ్చు.

కావలసిన వస్తువులు కొన్నే: గీతలు లేని పెద్ద నోటు పుస్తకం, అడుగుల గుర్తులు కట్టిన తాడు, 20 సెంటీమీటర్ల వెడల్పున్న రేకు మూత, తెలుపు నలుపు రంగులు, భూతద్దం, సన్నటి గుడ్డతో కుట్టిన జాలి సంచి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే చిన్న కిట్ చేపల పెంపకందారుల దగ్గర దొరికితే ఇంకా మంచిది, దొరకకపోయినా పని ఆగదు.

మొదటి అడుగు: హద్దు నిర్ణయించుకోవడం

ఏ వ్యవస్థకైనా ముందు హద్దు గీయాలి, ఎందుకంటే హద్దు లేకపోతే లోపలికి వచ్చేదేది, బయటికి పోయేదేది అని చెప్పలేము. తూర్పు విదర్భలో మామా తలావులని పిలిచే పాత మాల్గుజారీ (మాల్గుజార్లు అనే పాతకాలపు భూస్వాముల నాటి) చెరువులు ఈ పనికి చక్కగా సరిపోతాయి. కట్ట ఎక్కడుందో, తూము ఎక్కడుందో, అలుగు ఎక్కడ పారుతుందో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి హద్దు గీయడం సులువు. చెరువు ఆకారాన్ని పుస్తకంలో పెద్దగా గీసి, దాని చుట్టూ చుక్కల గీత పెట్టండి. ఆ గీత లోపలిదే మీ వ్యవస్థ.

తరువాత గీతను దాటే రాకపోకలన్నిటినీ రాయండి. ఈ పని మీద ఒక రోజంతా గడిపినా నష్టం లేదు, ఎందుకంటే చాలామంది మరచిపోయే సంగతులు ఇక్కడే ఉన్నాయి. ఉదయమంతా అడవి అంచున మేసిన బర్రెలు మధ్యాహ్నం చెరువులో పడుకుని పేడ వేస్తాయి. అంటే అడవి గడ్డిలోని శక్తి కొంత బర్రె కడుపులో ప్రయాణించి నీటిలోకి చేరుతుంది. తూనీగ పిల్లపురుగు నెలల తరబడి నీటిలో పెరిగి, ఒక తెల్లవారుజామున తుంగ కాడ ఎక్కి రెక్కలు విప్పుకుని పొలాల మీదికి ఎగిరిపోతుంది, అంటే చెరువు శక్తి కొంత పొలానికి వెళ్లింది. నీటికాకి చేపను మింగి వేరేచోట చెట్టు మీద వాలుతుంది. చేపల సంఘంవాళ్లు వదిలే చేపపిల్లలు లోపలికి వచ్చే పద్దు, వేసవిలో వాళ్లు వలవేసి తీసుకెళ్లే చేపలు బయటికి పోయే పద్దు. మనిషిని బొమ్మ బయట పెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఆ చెరువు తవ్వించిందీ, అందులో చేపలు వేసేదీ, పట్టేదీ మనుషులే అయినప్పుడు వాళ్లు లేని బొమ్మ అసత్యమవుతుంది.

నీళ్ల దగ్గరికి పిల్లలను ఒంటరిగా పంపవద్దు. ఆ చెరువు లోతు తెలిసిన, చేపలు పట్టే పెద్దవాళ్లను ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. అలాంటి కాకను అడిగితే పుస్తకాల్లో లేని సంగతులు సగం దారిలోనే తెలుస్తాయి.

రెండో అడుగు: వెలుతురు ఎంత లోతుకు పోతుందో చూడటం

చెరువులోని జీవులన్నిటికీ తిండి మొదలయ్యేది వెలుతురు దగ్గరే. తామర, కలువ, తుంగ, జమ్ము, నీటి అడుగున పెరిగే నాచు కంటికి కనిపిస్తాయి. కానీ చెరువులో ఉత్పత్తిదారులుగా, అంటే వెలుతురుతో తిండి తయారుచేసేవిగా, చాలాసార్లు పెద్ద పాత్ర పోషించేవి కంటికి కనిపించని వృక్షప్లవకాలు, నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు. నీళ్లు పచ్చగా కనిపిస్తున్నాయంటే అవి లక్షల్లో ఉన్నాయని అర్థం.

రేకు మూతను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకు ఒకే రంగు వచ్చేలా నలుపు, తెలుపు వేయండి. మధ్యలో తాడు కట్టి, అడుగున ఒక రాయి వేలాడదీసి, ఎండ బాగా ఉన్న వేళ నీటిలోకి వదలండి. మూత కనుమరుగైన లోతును గుర్తుపెట్టుకోండి. ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ 1865లో సముద్రంలో వాడిన ఈ పద్ధతి ఈనాటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మూత కనిపించకుండా పోయే లోతుకు దాదాపు రెండున్నర నుంచి మూడు రెట్ల లోతు వరకు మొక్కలకు పనికొచ్చే వెలుతురు అందుతుందని ఒక ఉజ్జాయింపు. వానలకు ఎర్రమట్టి కొట్టుకొచ్చిన శ్రావణంలో ఈ లోతు బాగా తగ్గుతుంది, నీరు తేరుకున్న కార్తీకంలో పెరుగుతుంది. ఇలా లోతు మారినప్పుడల్లా చెరువులో తయారయ్యే తిండి కూడా మారుతుందని మీ పుస్తకంలో రాసుకోండి.

పడిన సూర్యకాంతి అంతా మొక్కలకు పనికిరాదు. అందులో సగం కంటే తక్కువ భాగమే కిరణజన్యసంయోగక్రియకు ఉపయోగపడే వెలుతురు. ఆ భాగంలో కూడా మొక్కలు పట్టుకోగలిగేది 2 నుంచి 10 శాతం మాత్రమే.

మూడో అడుగు: ఎవరు ఏం తింటున్నారో ఆధారంతో తెలుసుకోవడం

ఇక్కడ ఒక నియమం పెట్టుకోవాలి. పుస్తకంలో చదివారని కాక, కళ్లతో చూసినా, నమ్మదగిన గుర్తు దొరికినా, చేపలు పట్టేవాళ్లు కచ్చితంగా చెప్పినా మాత్రమే ఒక సంబంధాన్ని రాయండి. ఆ మూడింటిలో ఏ ఆధారంతో రాశారో పక్కనే గుర్తు పెట్టండి.

చేపలను కోసేచోట దొరికే ఆధారం అన్నిటికంటే బలమైనది. అమ్మకానికి చేపలు కోసేటప్పుడు పారేసే పేగులను అడిగి తీసుకుని, ఒక పళ్లెంలో నీళ్లు పోసి విప్పి చూడండి. రాగండి, మోసు చేపల పేగు శరీరం పొడవుకు ఎన్నో రెట్లు ఉండి చుట్టలు చుట్టలుగా వస్తుంది, ఎందుకంటే నాచును, కుళ్లిన ఆకును అరిగించడానికి సమయం పడుతుంది. కొరమీను పేగు పొట్టిగా ఉంటుంది, జీర్ణాశయం మాత్రం పెద్దది. అందులో సగం అరిగిన పరిగె పిల్లో, కప్పపిల్లో, రొయ్యో కనిపించవచ్చు. బొచ్చె పైనీటిలో తేలే జంతుప్లవకాలను, అంటే అతి చిన్న జంతువులను, వడగట్టుకుని తింటుంది, రాగండి మధ్యనీటిలో మేస్తుంది, మోసు అడుగున బురదను వెతుకుతుంది. ఈ మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచడానికి కారణం ఇదే. ఒకదాని తిండికి మరొకటి అడ్డురాకుండా చెరువులోని మూడు అంతస్తుల తిండి మూడు చేపల ఒంట్లోకి చేరుతుంది.

జాలి సంచిని పైనీటిలో కొద్దిసేపు లాగి, పట్టుబడినదాన్ని గాజు గ్లాసులో పోసి భూతద్దంతో చూస్తే కుదుపులతో ఈదే చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవే జంతుప్లవకాలు, వృక్షప్లవకాలను మేసేవి. ముక్కు రెండు దవడల మధ్య సందు కనిపించే ఓపెన్‌బిల్ కొంగ నత్తలను ఎత్తి తింటున్నప్పుడు చూడండి. లకుముకి పిట్ట గంటలో ఎన్నిసార్లు నీటిలోకి దూకింది, ఎన్నిసార్లు చేపతో లేచింది అని లెక్కపెట్టండి. పాత మర్రిచెట్టు కింద గుడ్లగూబ కక్కిన ఉండలు దొరికితే వాటిని ఎండబెట్టి, చేతికి తొడుగు వేసుకుని పుల్లతో విడదీయండి, ఎలుకల పుర్రెలూ దవడలూ వెంట్రుకలూ విడివిడిగా వస్తాయి. వన్యమృగాల పెంటను మాత్రం ముట్టుకోవద్దు, అది అటవీ శాఖ సిబ్బంది పని.

నాలుగో అడుగు: బాణాలు గీయడం

ఒక్కో జీవి పేరునూ ఒక గడిలో రాసి గీతలు కలపండి. బాణం మొన ఎప్పుడూ తినేదాని వైపు ఉండాలి: పరిగె నుంచి కొరమీనుకు, కొరమీను నుంచి నీటికాకికి. ఈ బాణం చూపేది దాడిని కాదు, శక్తి ఏ దిక్కుకు నడిచిందో చూపుతుంది. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా తలకిందులు చేసేది ఇదే కనుక ప్రతి బాణం దగ్గరా 'శక్తి ఎటు వెళ్లింది' అని ఒకసారి అడిగించండి.

ఇరవై పేర్లు రాసేసరికి గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఆహార జాలకం అవుతుంది. అది గజిబిజిగా ఉంటే బెంగపడవద్దు. అందంగా, నిటారుగా వచ్చిందంటే మీరు సరిగా చూడలేదని అనుమానించాలి. ఎక్కువగా తినే తిండికి లావు బాణం, అప్పుడప్పుడు తినేదానికి సన్న బాణం పెట్టండి.

అయిదో అడుగు: చచ్చినవాటి పద్దు

బడి బొమ్మల్లో విచ్ఛిన్నకారులను, అంటే చచ్చినవాటిని కుళ్లబెట్టే జీవులను, మూలన పుట్టగొడుగు బొమ్మ వేసి వదిలేస్తారు. నిజానికి నేల మీది చాలా వ్యవస్థల్లో శక్తి ఎక్కువగా నడిచే దారి అదే. ఆకు పచ్చగా ఉన్నప్పుడు తినే జీవుల వాటా చిన్నది, అడవిలో తయారైన ఆకులో ఎక్కువ భాగం ఎవరూ తినకుండానే నేల రాలుతుంది. మాఘ ఫాల్గుణాల్లో సిరొంచా అడవిలో నడిస్తే పాదం కింద కరకరలాడే టేకు ఆకుల పరుపంతా ఆ తినని పద్దే.

ఆ ఆకును ముందు చెదలు, వానపాములు, పురుగులు ముక్కలు చేస్తాయి. బూజూ బాక్టీరియా మిగిలినదాన్ని కరిగిస్తాయి. ఈ మరుగున నడిచే గొలుసు చివర్లో కూడా పెద్ద జంతువులుంటాయి. ఎలుగుబంటి చెదపుట్టను తవ్వి చెదలను పీల్చి తింటుంది కదా, దాని ఒంట్లో చేరే శక్తిలో ఒక భాగం ఎండుటాకు నుంచి చెద ద్వారా వచ్చింది, మరో భాగం చెట్టు నుంచి నేరుగా ఇప్పపువ్వు ద్వారా వచ్చింది. రెండు గొలుసులూ ఒక జంతువు దగ్గర కలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ అడవిలో నాకు కనిపించలేదు.

ఇక్కడే నిప్పు సంగతి రాయక తప్పదు. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకును కాల్చడం, తునికాకు కొత్త చిగురు కోసం నిప్పు పెట్టడం మన ప్రాంతంలో పాత అలవాటు. శక్తి లెక్కలో చూస్తే ఆ మంట అంటే చెదలకు, వానపాములకు, వాటిని తినే పక్షులకు, ఎలుగుబంటికి ఏడాదిపాటు అందవలసిన తిండి ఒక మధ్యాహ్నంలో వేడిగా పోవడం. పువ్వు ఏరుకునేవాళ్ల బతుకు తెలిసినవాణ్నే కాబట్టి వాళ్లను తప్పుపట్టడం లేదు. చెట్టు కింద ఆకును ఊడ్చి పక్కకు పోగుచేసినా, నేల మీద పాత చీరో వలో పరిచినా అదే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, ఆకు కూడా మిగులుతుంది.

చెరువులో ఈ దారిని చూడాలంటే కొన్ని ఎండిన ఆకులను తూకం వేసి, వలగుడ్డ సంచిలో కట్టి నీటి అడుగున ఉంచండి. రెండు వారాలకొకసారి ఒక్కో సంచిని తీసి, కడిగి, ఎండబెట్టి తూచండి. తగ్గిన బరువులో ఎక్కువ భాగం విచ్ఛిన్నకారుల పని. సన్నటి కన్నుల గుడ్డతో ఒక సంచి, పెద్ద కన్నుల వలతో మరో సంచి కడితే పురుగులు చేసిన పనినీ, కేవలం బూజు బాక్టీరియాలు చేసిన పనినీ వేరుచేసి చూడవచ్చు.

ఆరో అడుగు: ఎవరు ఏ పోషక స్థాయిలో ఉన్నారు

మొక్కలు, కుళ్లే పదార్థం మొదటి స్థాయి. వాటిని తినేవి రెండు, వాటిని తినేవి మూడు. కానీ చెరువులో చాలా జీవులు ఒకే స్థాయిలో నిలబడవు. మార్పు చేపను తీసుకోండి. లెక్క నేర్చుకోవడం కోసం, దాని తిండిలో 40 శాతం కుళ్లిన పదార్థం, 40 శాతం పురుగులు, 20 శాతం చిన్న చేపలు అనుకుందాం. పురుగులది రెండో స్థాయి, చిన్న చేపలది మూడో స్థాయి అయితే, తిండి స్థాయిల సగటుకు ఒకటి కలిపితే దాని స్థాయి ఇలా వస్తుంది: 1 + (0.4 × 1) + (0.4 × 2) + (0.2 × 3) = 2.8. మీరు పేగులు విప్పి రాసుకున్న వాటాలతో ఇదే లెక్కను మీ చేపలకు కట్టండి. ఒకే జాతి చేప పిల్లగా ఉన్నప్పుడు ప్లవకాలను, పెద్దయ్యాక చేపలను తింటుంది కాబట్టి దాని వయసును బట్టి స్థాయి మారుతుందన్న సంగతీ బయటపడుతుంది.

ఏడో అడుగు: అంకెలు

ఆహార సంబంధాలను శక్తి లెక్కగా చూడవచ్చని గట్టిగా నిలబెట్టినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న సరస్సును పరిశీలించి ఆయన రాసిన వ్యాసం 1942లో అచ్చయింది. ఒక స్థాయి నుంచి పై స్థాయికి దాదాపు 10 శాతం శక్తే చేరుతుందన్న నియమం ఆ ఆలోచన నుంచి వచ్చింది. అది సగటు ఉజ్జాయింపు మాత్రమే, ప్రకృతి ఆ అంకెను పాటించాలని లేదు. ఈ తేడాను చూపడానికి హోవర్డ్ ఓడమ్ 1957లో ప్రచురించిన ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే నీటి ఊటల లెక్క కంటే మంచిది లేదు.

అక్కడ ఏడాదికి చదరపు మీటరుకు పడిన సూర్యశక్తి దాదాపు 17,00,000 కిలోకేలరీలు. మొక్కలు తయారుచేసుకున్న స్థూల ఉత్పత్తి 20,810, అంటే పడినదానిలో సుమారు 1.2 శాతం. అందులో 11,977 మొక్కల సొంత శ్వాసక్రియకే ఖర్చయి, ఇతరులకు మిగిలిన నికర ఉత్పత్తి 8,833 అయింది. శాకాహారులకు చేరింది 3,368, వాటిని తినే మాంసాహారులకు 383, పైస్థాయి మాంసాహారులకు 21. విచ్ఛిన్నకారుల దారిన నడిచింది 5,060. మీరే భాగించి చూడండి: మొదటి మెట్టులో (స్థూల ఉత్పత్తి నుంచి శాకాహారులకు) 16.2 శాతం, రెండో మెట్టులో 11.4, మూడో మెట్టులో 5.5. ఎక్కడా సరిగ్గా పది లేదు. శాకాహారులకు అందినదానికంటే విచ్ఛిన్నకారులకు అందినది ఎక్కువ అన్నది కూడా గమనించండి, అయిదో అడుగులో చెప్పిన మాటకు ఇది నీటిలోని సాక్ష్యం.

మిగిలినదంతా ఎక్కడికి పోతుంది? గడ్చిరోలి జిల్లాలో మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగులను చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది, చెట్టు కింద ఆ పురుగుల రెట్ట కుప్పలుగా రాలుతుంది. జీవశాస్త్ర పుస్తకాల్లో ఇచ్చే ఒక ఉదాహరణ ప్రకారం ఆకు తినే గొంగళిపురుగు 200 జౌళ్ల ఆకు తింటే 100 జౌళ్లు రెట్టగా పోతాయి, 67 శ్వాసక్రియలో వేడిగా పోతాయి, 33 మాత్రమే పురుగు ఒళ్లుగా మారుతుంది. ఇంత పెరుగుదల పురుగుకు సాధ్యం, ఎందుకంటే అది ఒంటి వేడిని నిలబెట్టుకోవలసిన పని లేని జీవి. పక్షులు, పాలిచ్చే జంతువులు అరిగించుకున్న శక్తిలో సాధారణంగా 1 నుంచి 3 శాతమే పెరుగుదలకు పెట్టగలవు, మిగతాదానిలో చాలావరకు ఒంటిని వెచ్చగా ఉంచడానికే సరిపోతుంది. చేపలకు ఇది దాదాపు 10 శాతం. అందుకే ఒకే మోతాదు దాణాకు కోడి కంటే, మేక కంటే చేప ఎక్కువ మాంసం ఇవ్వగలుగుతుంది.

మీ చెరువులోని ఉత్పత్తిని నేరుగా కొలవాలనుకుంటే ఆక్సిజన్ కిట్‌తో వెలుతురు, చీకటి సీసాల పద్ధతి ఉంది. ఒకే లోతు నుంచి తీసిన నీటిని మూడు గాజు సీసాల్లో బుడగ లేకుండా నింపండి. మొదటిదానిలో ఆక్సిజన్‌ను అప్పుడే కొలవండి. రెండోదాన్ని (వెలుతురు సీసా) అలాగే, మూడోదాన్ని (చీకటి సీసా) నల్లగుడ్డ చుట్టి, నీరు తీసిన లోతులోనే కొన్ని గంటలు వేలాడదీసి తీసి కొలవండి. ఉదాహరణకు మొదట లీటరుకు 6 మిల్లీగ్రాములు, వెలుతురు సీసాలో 8.5, చీకటి సీసాలో 5 వచ్చాయనుకుందాం. వెలుతురు సీసాలో పెరిగిన 2.5 నికర ఉత్పత్తి, చీకటి సీసాలో తగ్గిన 1 శ్వాసక్రియ ఖర్చు, రెండూ కలిపి 3.5 స్థూల ఉత్పత్తి. దీన్ని 0.375తో (కార్బన్, ఆక్సిజన్ బరువుల నిష్పత్తి 12/32తో) హెచ్చిస్తే సుమారు 1.3 మిల్లీగ్రాముల కార్బన్ ఆహారంగా మారినట్టు లెక్క. చీకటి సీసాలో మొక్కలతోపాటు జంతుప్లవకాలూ బాక్టీరియాలూ శ్వాసిస్తాయి కనుక నికర ఉత్పత్తి అంకె మొక్కలకు మాత్రమే చెందినది కాదని గుర్తుంచుకోండి.

ఎనిమిదో అడుగు: పిరమిడ్ గీయడం

ఒక్కో పోషక స్థాయినీ ఒక పట్టీగా, మొదటి స్థాయి అడుగున ఉండేలా ఒకదానిమీద ఒకటి పేరిస్తే పిరమిడ్ అవుతుంది. మూడు రకాల పిరమిడ్‌లలో శక్తి పిరమిడ్ ఒక్కటే ఎప్పుడూ తలకిందులు కాదు. సంఖ్యల పిరమిడ్ సులువుగా తారుమారవుతుంది, ఒక్క ఇప్పచెట్టు మీద వేల పురుగులు బతుకుతాయి కదా. జీవద్రవ్యరాశి పిరమిడ్ నీటిలో కొన్నిసార్లు తలకిందులవుతుంది. ఒక క్షణంలో తూస్తే జంతుప్లవకాల బరువు వృక్షప్లవకాల బరువును మించవచ్చు, కానీ వృక్షప్లవకాలు రోజుల్లోనే రెట్టింపవుతూ ఉంటాయి కాబట్టి ఏడాది మొత్తంలో అవి ఇచ్చే శక్తి ఎక్కువే.

తొమ్మిదో అడుగు: శక్తి పోతుంది, పదార్థం తిరిగి వస్తుంది

వేడిగా మారిన శక్తి చెరువుకు తిరిగి రాదు, మరుసటి రోజు కొత్త ఎండ రావలసిందే. నత్రజని, భాస్వరం మాత్రం చుట్టి చుట్టి వస్తాయి. వేసవిలో చెరువు పూడిక మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలే పాత పద్ధతిలో, వానతో పొలం నుంచి చెరువుకు జారిన భాస్వరం తిరిగి పొలానికి చేరుతుంది. నిప్పు కంటే పూడిక తోలడం మన ఊళ్ల మేలైన అలవాటు అని నేను బాహాటంగా చెబుతాను.

ఎరువు మోతాదు మించితే ఇదే దారి చెరువుకు చేటు తెస్తుంది. మిరప, పత్తి చేలల్లో వేసిన ఎరువు వానకు కొట్టుకొచ్చి నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు అది ఆక్సిజన్ ఇచ్చినా రాత్రంతా తీసుకుంటుంది, చచ్చాక బాక్టీరియా దాన్ని కుళ్లబెడుతూ మరింత తీసుకుంటుంది. తెల్లవారేసరికి చేపలు నోళ్లు పైకి పెట్టి నీటి మీదికి వచ్చాయంటే ఆక్సిజన్ అడుగంటిందని అర్థం.

త్వరగా విచ్ఛిన్నం కాని విషాలది ఇంకో దారి. కొవ్వులో నిలిచిపోయే డీడీటీ వంటివి మెట్టు మెట్టుకూ చిక్కబడతాయి. పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే లెక్కలో నీటిలో 0.003 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఒకటి పీపీబీ) ఉన్న డీడీటీ జంతుప్లవకాల్లో 0.04 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒకటి పీపీఎం), చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, చేపలు తినే పక్షుల్లో 25 పీపీఎంకు చేరుతుంది. దీన్ని జైవిక వృద్ధీకరణం అంటారు. తిన్న తిండిలో అధిక భాగం వేడిగా పోయినా అందులోని విషం ఒంట్లోనే ఉండిపోవడమే దీనికి కారణం.

రాబందుల చావును కూడా చాలామంది ఇదే పద్దులో వేస్తారు, అది సరికాదు. 1990ల నుంచి మన దేశంలో మూడు జాతుల రాబందులు 97 శాతానికి పైగా తగ్గిపోవడానికి కారణం పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్. అది మెట్లెక్కి చిక్కబడలేదు, మందు వేసిన కొద్ది రోజులకే చనిపోయిన పశువు కళేబరం నుంచి నేరుగా రాబందు మూత్రపిండాలను దెబ్బతీసింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. గడ్చిరోలి జిల్లాలో మిగిలిన రాబందుల కోసం అటవీ శాఖ హానిలేని కళేబరాలను ఉంచే ప్రత్యేక స్థలాలను ఏర్పాటు చేసింది. మీ జాలకంలో చచ్చిన పశువు నుంచి రాబందుకు బాణం గీసేటప్పుడు, ఆ పశువుకు చివరిగా ఏ మందు వేశారో అడగడం కూడా ఒక భాగమని పిల్లలకు చెప్పండి.

పదో అడుగు: ఒకదాన్ని తీసేసి చూడటం

గీసిన జాలకంలో ఒక పేరును వేలితో మూసి, ఎవరి తిండి పోయింది, ఎవరికి శత్రువు పోయాడు అని రెండు వరుసల్లో రాయండి. కప్పను మూయండి. నీరుకట్టె, కొంగ ఆకలి ఒక వరుస, వరిమడిలో పురుగుల పెరుగుదల రెండో వరుస. మన దేశం నుంచి కప్పకాళ్లను విదేశాలకు పంపడాన్ని 1987లో ఆపించిన వాదాల్లో ఈ రెండో వరుస ముఖ్యమైనది.

తరువాత పులిని మూసి, ఆపైన తీసి చూడండి. పులుల మీద పరిశోధించిన శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ లెక్కల ప్రకారం ఒక పులికి ఏడాదికి దుప్పి అంత జంతువులు దాదాపు 50 కావాలి, పులి తిన్నా మంద కరగకుండా ఉండాలంటే ఆ అడవిలో దాదాపు 500 ఉండాలి. 500 దుప్పులకు గడ్డి ఎంత కావాలి, ఆ గడ్డికి ఎంత నేల కావాలి అని కిందికి దిగుతూ లెక్క కట్టించండి. పులి పేరు పిరమిడ్ కొసన ఎందుకు అంత సన్నగా ఉందో అప్పుడు ఎవరూ చెప్పకుండానే పిల్లలు చెబుతారు.

ఈ పనంతా ఒకే కాలంలో చేస్తే సగమే తెలుస్తుంది. చెరువు అలుగు పారే భాద్రపదంలో ఒకటి, నీరు తేరుకున్న పుష్యంలో ఒకటి, అడుగంటిన వైశాఖంలో ఒకటి, మూడు బొమ్మలు వేరు వేరు కాగితాల మీద ఒకే కొలతతో గీయండి. వైశాఖంలో కొంగలు ఎందుకు గుంపులుగా దిగుతాయో, చేపలు పట్టే పద్దు ఎందుకు ఆ నెలలోనే లావు బాణం అవుతుందో, మోసు పొట్టలో బురద వాటా ఎందుకు మారిందో ఒక బొమ్మ పక్కన మరొకటి పెట్టి రాయండి. తేదీ, నీటి లోతు, మూత కనుమరుగైన లోతు ప్రతి కాగితం పైనా మూలన ఉండాలి, లేకపోతే మరుసటి ఏడాది పోల్చడానికి వీలుండదు.